ఐదు నెలల సిలిండర్

ఊపిరితిత్తులు పొగచూరిపోయాయని, మా అత్తగారు అందుకే పోయారని రాజమండ్రి ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. పొగ మాట నిజమే. ఆ పొగ వెనకాల నేనున్నానని మాత్రం ఆయనకి తెలియదు. మా ఆయనకి సగమే తెలుసు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల చివర్లో నాకొక ఉద్యోగం దొరికింది. మండలంలో ఊరూరా తిరిగి ఆడవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి, ఇంట్లో కరెంటూ కట్టెలూ గ్యాసూ ఎలా ఆదా చేయాలో చెప్పాలి. నరసాపురం దగ్గర కాలవ గట్ల వెంబడి ఉన్న ఊళ్ళన్నీ నాకు ఆ ఉద్యోగంతోనే తెలిశాయి. పొద్దున్నే ఎనిమిదింటి బస్సెక్కితే మళ్ళీ సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరేదాన్ని. "గిన్నె మీద మూత పెట్టమని చెప్పడానిక్కూడా జీతమిస్తారా?" అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. నాకు కోపం తొందరగా వస్తుంది, వస్తే తొందరగా పోదు.

కానీ ఆ పని నాకు ప్రాణం. పప్పు నానబోసి వండండి, సగం సేపట్లో ఉడుకుతుంది. కూరలన్నీ తరిగి దగ్గర పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించండి. ఉడుకు పట్టాక మంట తగ్గించండి. గదిలోంచి లేచి వెళ్ళేటప్పుడు ఫ్యాను ఆపండి. కట్టె తక్కువ కాలితే చెట్టు మిగులుతుంది, పొగ తగ్గితే మీ కళ్ళూ మీ గుండెలూ మిగులుతాయి. ఇవన్నీ చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇప్పుడు కూడా ఇవన్నీ నిజమేనని నమ్ముతాను, అదే నా ఏడుపు.

మా ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. వంట ఆవిడది. నేను కాపరానికొచ్చేసరికే ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా కొబ్బరి డొక్కలు, కమ్మలు, చిదుగులు ఏరుకొచ్చి పొయ్యి వెలిగిస్తోంది. ఆ వంటగది గోడలు నల్లగా నిగనిగలాడుతూ ఉండేవి. ఊదీ ఊదీ ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. నా మొదటి జీతాలు కూడబెట్టి గ్యాసు తెచ్చాను. ఆ రోజు అత్తగారిని నేనే బతికించానన్నంత గర్వం నాకు.

మొదట్లో ఆవిడ దాని దగ్గరికి రావడానికే భయపడింది. "అది పేలితే పిల్లలుంటారే ఇంట్లో" అనేది. ఆవిడ చెయ్యి పట్టుకుని రెగ్యులేటర్ తిప్పడం నేర్పించాను. "పని కాగానే ఇలా కట్టెయ్యాలత్తయ్యా. ఊరికే పోనివ్వకూడదు. కట్టాక ఒకసారి తిప్పి చూసుకోవాలి." నెల తిరక్కుండానే నాకంటే బాగా నేర్చుకుంది. ఇంటికెవరొచ్చినా స్టవ్వు చూపించేది. ఆ రెండు నెలల్లో ఆవిడ కళ్ళు ఎరుపు తగ్గి తెల్లబడ్డాయి. అది నేను చూశాను, చూసి మురిసిపోయాను.

రెండు నెలలకి సిలిండర్ అయిపోయింది. ఐదుగురున్న ఇంట్లో అది మామూలే. కానీ ఆ రోజు నేను ఎండన పడి వచ్చాను, ఆ ఊళ్ళో మీటింగుకి నలుగురే వచ్చారని చిరాగ్గా ఉన్నాను.

"ఏంటత్తయ్యా, అప్పుడే అయిపోయిందా?" అన్నాను.

ఒక్క మాటే. అరవలేదు కూడా. కాళ్ళు కడుక్కుంటూ వెనక్కి తిరక్కుండా అన్నాను.  ఆవిడ తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత ఎన్ని మాటలు చెప్పినా ఆ మాటని వెనక్కి తీసుకోలేకపోయాను. తీసుకోవాలని అప్పుడు నాకు తెలియనే తెలియదు.

రెండో సిలిండర్ మూడున్నర నెలలొచ్చింది. మూడోది ఐదు నెలలు.

నేను ఆ పనిలో ఉన్నదాన్ని. ఐదుగురికి ఐదు నెలలు ఎలా వస్తుందని ముందు అనుమానం రావలసింది నాకే. వచ్చింది కూడా. వచ్చిన అనుమానాన్ని వచ్చినట్టే తోసేశాను, ఎందుకంటే ఆ ఐదు నెలలు నాకు బాగా పనికొచ్చాయి. ఏ ఊరెళ్ళినా ముందు ఆ కబురే చెప్పేదాన్ని. "ఎవరి సంగతో ఎందుకండి, మా అత్తగారు ఒక్క సిలిండర్ ఐదు నెలలు వాడతారు. బళ్ళో చదువుకున్న మనిషి కాదు. మనసుంటే మీకూ వస్తుంది." ఆడవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి వినేవారు. "ఆయ్, నిజమాండి?" అని అడిగి మరీ వినేవారు. మా అత్తగారు తెలియని ఊరు మా మండలంలో లేకుండా చేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. మండలంలో పెద్ద మీటింగు పెట్టినప్పుడు ఆవిణ్ణి తీసుకెళ్ళి స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టాను. అంతకు ముందు మగవాళ్ళ ఎదుట ఆవిడ కుర్చీలో కూర్చున్నది లేదు. చీర చెంగు భుజం చుట్టూ కప్పుకుని, కుర్చీ అంచు మీద సగమే కూర్చుంది. దండ వేశారు, స్టీలు బిందె ఇచ్చారు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ బిందె ఒళ్ళోనే పెట్టుకుంది. ఇంటికొచ్చాక అందులో నీళ్ళు కూడా పట్టనివ్వలేదు, అటక మీద బోర్లించింది. ఆవిడ సంతోషం చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ రోజుతో ఆవిడకి వెనక్కి వచ్చే దారి మూసుకుపోయిందని నాకు తట్టలేదు.

ఆ వర్షాకాలమే దగ్గు మొదలైంది. ముందు జలుబన్నాం. తర్వాత పడిశం ముదిరిందన్నాం. చలికాలానికి గుమ్మం దగ్గర్నుంచి నూతి దాకా వెళ్ళడానికి మధ్యలో ఒకసారి ఆగేది. పాలకొల్లులో డాక్టరుకి చూపించాం. ఆయన స్టెతస్కోపు పెట్టి వీపంతా విన్నాడు.

"చుట్ట తాగుతారామ్మా?" అని అడిగాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. నాకు మండుకొచ్చింది. "అలాంటి అలవాట్లు మా ఇంట్లో లేవండి" అన్నాను.

"మరి కట్టెల పొయ్యా?"

"మాకు గ్యాసండి" అన్నాను. అక్కడితో ఆగలేదు. నేనేం ఉద్యోగం చేస్తానో, పొగ వల్ల ఎన్ని జబ్బులొస్తాయో, మా ఇంట్లో పొగన్నదే లేకుండా ఎలా చేశానో ఆయనకే పాఠం చెప్పాను. ఆయన సరేనని ఉబ్బసానికి మందులు రాసిచ్చాడు. అంతసేపూ మా అత్తగారు పక్కన స్టూలు మీద కూర్చుని తన కాలి వేళ్ళు చూసుకుంటోంది. నోరు విప్పి ఒక్క మాట చెబితే బతికేది. ఆవిడ నోరు నొక్కింది నేనే, అదీ డాక్టరు ముందు, ఇంత పొడుగు ఉపన్యాసంతో.

కళ్ళున్నవాళ్ళకి ఇంట్లోనే అన్నీ కనిపించేవి. మా వైపు కట్టెల పొయ్యి మీద గిన్నె పెట్టేముందు అడుగున తడి బూడిద పూస్తారు. మసి బూడిదకి పడుతుంది గాని గిన్నెకి పట్టదు, తోమితే బూడిదతోపాటే పోతుంది. గ్యాసొస్తే ఈ బాధ ఉండదని మీటింగుల్లో నేనే చెప్పేదాన్ని. మా ఇంట్లో అన్నం తపేలా అంచు కింద సన్నగా బూడిద గీత ఒకటి రోజూ కనిపించేది. గిన్నెలు బూడిదతో తోమారు కదా, కడగడంలో ఉండిపోయిందనుకునేదాన్ని. ఆవిడ మధ్యాహ్నాలు లేసులు అల్లేది. లేసులు పోగుచేసుకునే ఆవిడ ఒకసారి దారం వాసన చూసి, "ఏంటి పిన్నిగారూ, పొగ వాసనొస్తోంది? తెల్లదారం పచ్చబడిపోయింది" అంది. "దోమలకని సాంబ్రాణేశానమ్మా" అంది మా అత్తగారు. సాంబ్రాణి మీద అంత ప్రేమేంటత్తయ్యా అని నేను కూడా నవ్వాను.

ఒకరోజు వానకి కాలవ గట్టు తెగి బస్సు మధ్యలోంచే వెనక్కి తిరిగింది. పదకొండింటికల్లా ఇంటికొచ్చేశాను. వంటగదిలో స్టవ్వు అద్దంలా మెరుస్తోంది. అత్తగారు లేరు. పెరట్లో పశువులపాక కప్పు మీంచి పొగ లేస్తోంది. ఆ పాకలో ఒక పాత పొయ్యి ఉందని నాకు తెలుసు. స్నానాలకి నీళ్ళు కాచుకోవడానికీ, గేదెకి దాణా ఉడకేయడానికీ అని నేనే ఉంచమన్నాను. కానీ అది నీళ్ళు కాచుకునే వేళ కాదు.

వాన జల్లు పడకుండా పాకకి చుట్టూ గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. గాలి ఆడడానికి జానెడు సందు లేదు. పట్టా ఎత్తేసరికి లోపల ఏమీ కనిపించలేదు. దగ్గు వినిపించింది. కాసేపటికి మనిషి కనిపించింది. చీర చెంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, తడిసిన డొక్కలు ఊదుతూ, గొంతుక్కూర్చుని మా అందరికీ అన్నం వండుతోంది. పక్కనే పప్పు తపేలా, అడుగున తడి బూడిదతో.

"అత్తయ్యా!" అని అరిచాను.

ఆవిడ ఉలిక్కిపడి ముందు చేసిన పనేంటంటే, తపేలాకి అడ్డంగా జరిగి కూర్చుంది. చిన్నపిల్ల ఏదో దాచినట్టు.

"ఎన్నాళ్ళ నుంచీ ఇది?"

"అరవకే. ఇరుగూ పొరుగూ వింటారు."

"విననీండి! ఎన్నాళ్ళ నుంచని అడుగుతున్నాను."

ఆవిడ దగ్గి, ఊపిరి కూడదీసుకుని చెప్పింది. "అప్పుడే అయిపోయిందా అన్నావు కదే. ఆ తర్వాత్నుంచి."

 అక్కడే పేడ నేల మీద కూలబడ్డాను. రెండేళ్ళు. రెండేళ్ళుగా నేను బస్సెక్కి, మా ఆయనా పిల్లలూ కూడా బయటికెళ్ళగానే ఆవిడ ఈ గుహలోకి వచ్చేది. నేనొచ్చే వేళకి గిన్నెలు తోమి, స్నానం చేసి, చీర మార్చుకుని ఎదురొచ్చేది. ఇదివరకటి వంటగదికి కనీసం కిటికీ ఉండేది. నేను ఆవిణ్ణి పొగలోంచి తీసి అంతకంటే పెద్ద పొగలో పెట్టాను.

"ఎందుకత్తయ్యా? ఎవరడిగారు మిమ్మల్ని?"

"నువ్వు ఊరూరా చెప్పావటగా. కుర్చీలో కూర్చోబెట్టావు. మళ్ళీ రెండు నెలలకే అయిపోయిందంటే నీ మాటేం కాను?" అని, పొయ్యిలోకి ఇంకో డొక్క తోసి, "నాకలవాటే కదే ఇది. కొత్తా ఏంటి?" అంది.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఆవిడ నా మందుని అక్షరాలా నమ్మింది, నమ్మినందుకే పోయింది.

ఆ రోజే ఆ పొయ్యిని గునపంతో పగలగొట్టాను. ఎవరిమీద కోపమో దానిమీద తీర్చుకున్నాను. గ్యాసు ఎంత కావాలంటే అంత వాడమన్నాను, రెండు నెలలు కాదు, నెలకే అయిపోయినా ఫరవాలేదన్నాను. పాలకొల్లు డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. మందులు మార్చాడు. "పాడైంది బాగవదమ్మా, ఇంక పాడవకుండా చూసుకోవాలి అంతే" అన్నాడు. కానీ అది పాడవుతూనే పోయింది. మరుసటేడు చలికాలానికి మంచం మీంచి లేచి కూర్చోవడానికే ఆయాసమొచ్చేది. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం.

మంచం పక్కన ఆవిడంత ఎత్తున ఆక్సిజన్ సిలిండర్ నిలబెట్టారు. ముక్కుకీ నోటికీ మాస్కు తగిలించారు. రెండో రోజుకి కొంచెం తేరుకుంది. మాస్కు పక్కకి లాగి ఆవిడ అడిగిన మొదటి మాట ఇది:

"అమ్మాయ్, ఇదెన్నాళ్ళొస్తుందే?"

"మీకెందుకత్తయ్యా ఆ గొడవ? పీల్చుకోండి."

"కాదే, మాట్లాడేటప్పుడు ఊరికే పోతోంది. కాస్త కట్టమను."

నర్సు ఒకసారి వచ్చి చూసేసరికి సిలిండర్ కట్టేసి ఉంది. "ఎవరమ్మా కట్టింది?" అని కేకలేసింది. "నేనేనమ్మా. ఇప్పుడు బానే ఉంది కదా అని" అంది మా అత్తగారు, తప్పు చేసినట్టు కాదు, మంచి పని చేసినట్టు. నేను చెప్పాను, బతిమాలాను, చివరికి అరిచాను కూడా. వినేది, తలూపేది. నేను పక్కకి తిరిగితే చెయ్యి సిలిండర్ మర మీదికి పోయేది. "పక్క మంచం ఆవిడకి కూడా కావాలి కదే" అనేది. ఆవిడకి నేను ఒకటే పాఠం చెప్పాను జీవితంలో. దాన్ని మరిపించడం నాకు చేతకాలేదు.

ఐదో రోజు పొద్దున్న ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుంది కదా అని ఫ్లాస్కు తీసుకుని వేడినీళ్ళకి కిందికి వెళ్ళాను. పది నిమిషాలు పట్టిందేమో. వచ్చేసరికి మాస్కు దిండు పక్కన శుభ్రంగా పెట్టి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. మర బిగించి ఉంది. నేను తిప్పబోతే రాలేదు, అంత గట్టిగా కట్టింది. ఆ వేళ్ళల్లో అంత బలం ఎక్కడ మిగిలిందో. నర్సు పరుగున వచ్చి తెరిచింది. మా అత్తగారు మర్నాడు మధ్యాహ్నం దాకా ఉన్నారు గాని, మళ్ళీ మాట్లాడలేదు.

"అది కట్టినా కట్టకపోయినా ఒకటి రెండు రోజుల తేడానేనండి" అని అక్కడి డాక్టరు మా ఆయనకి చెప్పాడు. ఆయన నమ్మాడు. నమ్మితే ఆయనకి నిద్రపడుతుంది, నమ్మనివ్వండి. నేను నమ్మలేదు. ఒకటి రెండు రోజులైనా అవి ఆవిడవి.

ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానితే నిజం చెప్పేదెవరని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆరు నెలలకి మళ్ళీ బస్సెక్కాను. మొదట వెళ్ళిన ఊరు నాకు బాగా తెలిసిందే. మీటింగు ఇంకా మొదలవలేదు, ఒకావిడ నన్ను చూసి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, నవ్వుముఖం.

"మీ అత్తగారు బాగున్నారాండి?"

"పోయారండి" అన్నాను.

"అయ్యో! ఎంత పొదుపరండి ఆవిడ. ఆవిడ గురించి మీరు చెప్పినప్పట్నుంచీ నేనూ పట్టుబట్టానండి. మా సిలిండర్ ఇప్పుడు నాలుగున్నర నెలలొస్తోందండి. ఐదు చేస్తాను చూడండి" అని, మొహం తిప్పుకుని దగ్గింది.

కాళ్ళు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళాను. నూతి గట్టు మీద తోమిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఒక తపేలా తీసి చూశాను. అంచు కింద సన్నగా బూడిద గీత. ఆ గీతని గోటితో గీకాను, పొడి రాలింది. దడి అవతల పాకకి గోనెపట్టాలు కట్టి ఉన్నాయి.

ఆవిణ్ణి అక్కడే నూతి గట్టు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. నేనన్న మాట, పాక, తడి బూడిద, డాక్టరు ముందు నేను దంచిన ఉపన్యాసం, ఆసుపత్రిలో మర. చెబుతూ ఏడ్చాను. ఐదు నెలలన్నది అబద్ధమని, ఆ అబద్ధమే మా అత్తగారిని తినేసిందని, నువ్వు రేపట్నుంచి గ్యాసు మీదే వండుకో తల్లీ, రెండు నెలలకే అయిపోనీ అని చేతులు పట్టుకున్నాను. ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది. నా చేతి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అంది:

"ఊరుకోండి మేడమ్ గారూ. పోయినావిడ పరువు మనం తీయకూడదు కదండి. నేనెవరికీ చెప్పనులెండి."

 ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. చుట్టాన్ని కదా, నాకు కాఫీ గ్యాసు మీదే పెట్టింది. పాలు పొంగగానే గిన్నె దింపి రెగ్యులేటర్ కట్టేసింది. కట్టాక ఒకసారి తిప్పి చూసుకుంది.